పోలీసులు విచారణకు పిలిస్తే ఏం చేయాలి: ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి మెజిస్ట్రేటు ముందు నిలబడేదాకా

"ఎస్సై గారు ఒకసారి స్టేషన్‌కి రమ్మంటున్నారు." మన దగ్గర చాలా విచారణలు ఇలా ఒక కానిస్టేబుల్ ఫోన్‌తోనే మొదలవుతాయి. ఏ కేసో చెప్పరు, ఎందుకో చెప్పరు. "వస్తే తెలుస్తుంది" అంటారు. కంగారుపడి చొక్కా తగిలించుకుని పరిగెత్తేవాళ్లు కొందరు, ఫోన్ స్విచాఫ్ చేసి బంధువుల ఊరెళ్లిపోయేవాళ్లు కొందరు. రెండూ నష్టమే. మొదటివాళ్లు ఏ హోదాలో వెళ్లారో తెలియకుండా కూర్చుంటారు. రెండోవాళ్లు "పరారీలో ఉన్నాడు" అని రాసుకునే అవకాశం పోలీసులకు చేతులారా ఇస్తారు.

2024 జులై 1 నుంచి, విచారణ, అరెస్టు, బెయిల్ ఎలా జరగాలో చెప్పే పాత సీఆర్‌పీసీ పోయి భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. స్టేషన్లలో, కోర్టు వరండాల్లో ఇప్పటికీ "41ఏ నోటీసు", "161 స్టేట్‌మెంట్" అనే పాత నంబర్లే వినిపిస్తాయి. అందుకే అవసరమైన చోట కింద కొత్త, పాత నంబర్లు రెండూ ఇస్తున్నాను. చట్టం పేరు లేకుండా సెక్షన్ నంబరు ఇస్తే అది ఈ కొత్త సంహితదే.

ఫోన్‌లోనే అడగండి: ఏ కేసు, ఏ హోదా

గొంతు పెంచకుండా ఇలా అడగండి: "తప్పకుండా వస్తాను సార్. ఏ కేసులో, క్రైమ్ నంబర్ ఎంత? సాక్షిగానా, నిందితుడిగానా? నోటీసు ఇప్పించండి." ఫోన్ చేసినవారి పేరు, హోదా, ఏ స్టేషనో, ఎన్ని గంటలకు చేశారో రాసిపెట్టుకోండి. మీ హక్కులన్నీ ఈ హోదా అన్న ప్రశ్న మీదే ఆధారపడి ఉంటాయి.

సాక్షిగా పిలిస్తే సెక్షన్ 179 (పాత 160). ఆ పిలుపు రాతపూర్వకంగా ఉండాలి. మీరు ఉండేది ఆ స్టేషన్ పరిధిలోనో పక్క స్టేషన్ పరిధిలోనో అయి ఉండాలి. మహిళలను, 15 ఏళ్లలోపు మగపిల్లలను, 60 దాటిన మగవారిని, వికలాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని సాక్షిగా స్టేషన్‌కు రమ్మని బలవంతపెట్టకూడదు. పోలీసులే ఇంటికొచ్చి అడగాలి. వాళ్లంతట వాళ్లు ఇష్టపడి వెళ్తే అది వేరు. ఈ నిబంధన తెలిసి కూడా ఉల్లంఘించి పిలిపించే అధికారి మీద భారతీయ న్యాయ సంహిత (నేరాలు, శిక్షల చట్టం) 199వ సెక్షన్ కింద కేసు పెట్టవచ్చు. దానికి ఆరు నెలలకు తగ్గకుండా రెండేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష ఉంది. అయినా "మీ అమ్మగారిని కూడా తీసుకురండి" అనే మాట స్టేషన్లలో ఎంత మామూలో మీకూ తెలుసు.

నిందితుడిగానో అనుమానితుడిగానో పిలిస్తే, అరెస్టు అవసరం లేదనుకున్న కేసుల్లో సెక్షన్ 35(3) కింద నోటీసు ఇవ్వాలి. పాత 41ఏ అంటే ఇదే. అవసరం లేకుండా అరెస్టులు చేయొద్దని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పాక, ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో ఈ నోటీసు మాట తరచుగా వినిపిస్తోంది. నోటీసు వస్తే వెళ్లి తీరాలి. వెళ్లి సహకరిస్తున్నంత కాలం, కారణాలు రాతలో పెట్టకుండా మిమ్మల్ని అరెస్టు చేయకూడదు. వెళ్లకపోతే ఆ రక్షణ పోతుంది. వాట్సాప్‌లో పంపినంత మాత్రాన ఈ నోటీసు అందజేసినట్టు కాదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అలాగని వాట్సాప్‌లో వచ్చినదాన్ని చూడనట్టు నటించకండి. అడ్వకేటుకు చూపించి, కాగితం మీద ఇవ్వమని అడుగుతూ జవాబు పంపించండి.

మూడో రకం "పిటిషన్ ఎంక్వైరీ". ఎఫ్ఐఆర్ ఉండదు. ఎవరో అర్జీ ఇచ్చారని ఇద్దరినీ కూర్చోబెడతారు. భార్యాభర్తల గొడవల్లో, కొన్ని ఆర్థిక వివాదాల్లో ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. కానీ పొలం గట్టు, చిట్టీ బాకీ, ఇంటి అద్దె లాంటి సివిల్ తగాదాలు తీర్చే అధికారం స్టేషన్‌కు లేదు. "ఫలానా తేదీకి డబ్బు కట్టేస్తానని రాసివ్వు" అన్న చోట ఆగిపోండి. సివిల్ కోర్టు ఉందని, అడ్వకేటును అడిగి చెబుతానని అనండి. మన రెండు రాష్ట్రాల్లోనూ స్టేషన్ పంచాయితీల్లో మనుషులు హక్కులు పోగొట్టుకునేది ఎక్కువగా ఇక్కడే.

వీడియో కాల్‌లో యూనిఫాం వేసుకుని కనిపించి, "మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు, కాల్ కట్ చేయొద్దు, డబ్బు వెరిఫికేషన్‌కు పంపండి" అంటే అది విచారణ కాదు, దొంగతనం. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదు. కాల్ కట్ చేసి సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

వెళ్లే ముందు

ఇంట్లో ఒకరికి, బయట ఒకరికి విషయం చెప్పండి. ఏ స్టేషన్, ఎవరు పిలిచారు, ఎన్నింటికి వెళ్తున్నారు, ఎన్ని గంటలలోపు కబురు రాకపోతే ఏం చేయాలి, ఇవన్నీ వాళ్లకు తెలియాలి. అడ్వకేటు నంబరు, ఇంటివాళ్ల నంబరు కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఫోన్ తీసేసుకుంటే సొంత భార్య నంబరు కూడా నోటికి రాని రోజులివి. బీపీ, షుగర్ మందులు, ప్రిస్క్రిప్షన్, ఆధార్ కాపీ దగ్గర ఉంచుకోండి. కుదిరితే తోడు ఒకరిని తీసుకెళ్లండి. ఆయన లోపలికి రాకపోయినా గేటు దగ్గర కూర్చుంటే చాలు.

ఫోన్‌లో మెసేజ్‌లు చెరిపేసి వెళ్లమని సలహా ఇచ్చే మిత్రుడు ప్రతి ఊళ్లో ఉంటాడు. ఆ మాట వినకండి. ఉన్న మెసేజ్ వల్ల వచ్చే ఇబ్బంది కంటే, చెరిపినందుకు సాక్ష్యం నాశనం చేశారనే కొత్త కేసు పెద్దది కావచ్చు.

లోపల: ఏం చెప్పాలి, ఏం చెప్పక్కర్లేదు

పేరు, ఊరు దాచకండి. తప్పుడు పేరు చెబితే అదే అరెస్టుకు కారణం కావచ్చు. ఆ తర్వాత అడిగేవాటికి సెక్షన్ 180 (పాత 161) వర్తిస్తుంది. నిజమే చెప్పాలి, కానీ ఏ జవాబు మిమ్మల్ని నేరారోపణలో ఇరికిస్తుందో ఆ జవాబు చెప్పనక్కర్లేదు. రాజ్యాంగం 20(3) అధికరణం చెప్పేదీ ఇదే: తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని నిందితుణ్ణి ఒత్తిడి చేయకూడదు.

ఈ హక్కుకు రూపం ఇచ్చిన కేసు ఒడిశా మాజీ ముఖ్యమంత్రి నందినీ సత్పతిది. 1977లో విజిలెన్స్ పోలీసులు ఆమెను కటక్‌లోని స్టేషన్‌కు పిలిపించి, ప్రశ్నల పెద్ద జాబితా చేతికిచ్చారు. ఆమె జవాబులివ్వనన్నారు. దానిమీద కేసు పెడితే అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1978 తీర్పు రాసిన జస్టిస్ కృష్ణయ్యర్, మౌనంగా ఉండే హక్కు కోర్టు బోనులోనే కాదు, పోలీసు విచారణ గదిలో కూడా ఉంటుందన్నారు. ఒక మహిళను స్టేషన్‌కు పిలిపించడాన్నే తప్పుబట్టారు. మాజీ ముఖ్యమంత్రికే సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చిందంటే, సామాన్యుడు స్టేషన్లో రాజ్యాంగం చదివి గెలవగలడని నేను అనను. కానీ మిమ్మల్ని ఇరికించే జవాబు చెప్పకుండా బయటపడితే తర్వాత కోర్టులో మీ అడ్వకేటుకు చేతినిండా పని ఉంటుంది. చెప్పేస్తే ఆ పని సగం పోతుంది.

మాట ఎలా అనాలంటే: "సార్, నేను సహకరిస్తాను. కానీ ఈ ప్రశ్నకు జవాబు నా మీదికే వచ్చేలా ఉంది. అడ్వకేటుతో మాట్లాడి చెబుతాను." సెక్షన్ నంబర్లు వల్లించి ఎస్సైని నిలదీయడం సినిమాల్లో బాగుంటుంది. రాత్రి పదింటికి స్టేషన్లో దానివల్ల కలిసొచ్చేది తక్కువ.

తెలియనిది ఊహించి చెప్పకండి. "ఆ రోజు ఎక్కడున్నావ్?" అంటే, గుర్తులేకపోతే గుర్తులేదనే అనండి. "బహుశా విజయవాడలో ఉన్నానేమో" అన్న మాట కాగితం మీదికి "విజయవాడలో ఉన్నాను" అని ఎక్కుతుంది. అబద్ధం అసలే వద్దు. నోరు మూసుకోవడానికి రక్షణ ఉంది, అబద్ధానికి లేదు. "ఒప్పుకుంటే వదిలేస్తాం, లేకపోతే మీ తమ్ముణ్ణి కూడా తెస్తాం" లాంటి ఆశలు, బెదిరింపులు సెక్షన్ 182 ప్రకారం నిషిద్ధం. నేరం ఒప్పించడానికి కొట్టడం ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ మీ ఇష్టం లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. వేలిముద్రలు, చేతిరాత, గొంతు నమూనాల సంగతి వేరు. వాటిని ఇవ్వమని మెజిస్ట్రేటు ఆదేశించవచ్చు.

సంతకం

ఈ గైడులో ఒక్క భాగమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. విచారణలో మీరు చెప్పింది రైటర్ రాసుకున్నా, కంప్యూటర్‌లో కొట్టుకున్నా, ఆ స్టేట్‌మెంట్ మీద మీ సంతకం తీసుకోకూడదు. సెక్షన్ 181 (పాత 162) ఆ మాటే అంటుంది. ఇక తెల్లకాగితం మీద సంతకం ఏ చట్టంలోనూ లేదు. "ఊరికే, ఫార్మాలిటీ" అన్న మాట వినపడగానే మరింత జాగ్రత్తపడాలి.

పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో మీకు వ్యతిరేకంగా చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ అది. మరి పోలీసులు ఎందుకంత పట్టుబడతారు? ఆ సెక్షన్‌లోనే ఒక మినహాయింపు ఉంది. మీరు చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించిన మేరకు ఆ మాట చెల్లుతుంది. అందుకే మన దగ్గర "కన్ఫెషన్ కమ్ సీజర్ పంచనామా" అంత మామూలైంది: నేరం ఒప్పుకున్నాడు, పలానా చోటికి తీసుకెళ్లి కత్తి చూపించాడు, ఇద్దరు పంచులు (పోలీసులు పిలిచిన సాక్షులు) సంతకాలు చేశారు. మీరు చూపించని వస్తువు చూపించినట్టు రాసిన పంచనామా మీద సంతకం పెడితే, కేసు మొత్తం దానిమీదే నిలబడొచ్చు.

నోటీసు అందినట్టు, అరెస్టు మెమో మీద, మీ వస్తువులు తీసుకున్న జాబితా మీద సంతకం చేయాల్సి వస్తుంది. చదివి చేయండి. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి. పక్కన తేదీతోపాటు గంట, నిమిషం మీ చేతిరాతతో వేయండి. రాసినదాంట్లో తప్పుంటే ఆ తప్పేమిటో సంతకం పైనే ఒక ముక్క రాయండి. బలవంతంగా చేయించుకుంటే, మెజిస్ట్రేటు ముందు నిలబడగానే చెప్పాల్సిన మొదటి మాట అదే.

నిజంగా నేరం ఒప్పుకోదలిస్తే దానికి వేరే దారి ఉంది. సెక్షన్ 183 కింద మెజిస్ట్రేటు ముందు చెప్పాలి. ఒప్పుకోవాల్సిన బాధ్యత నీకు లేదని ఆయన ముందే మీకు చెప్పాలి. చివరి క్షణంలో వద్దనుకుంటే, మిమ్మల్ని తిరిగి పోలీసు కస్టడీకి పంపడానికి వీల్లేదు.

మీ ఫోన్

2021 అక్టోబరులో హైదరాబాద్ రోడ్ల మీద పోలీసులు బండ్లు ఆపి, యువకుల వాట్సాప్‌లో "గంజాయి" అని వెతికిన వీడియోలు దేశమంతా చూసింది. దారినపోయేవాళ్ల ఫోన్లు అలా తిరగేయడానికి పోలీసులకు ఏ సెక్షనూ సాధారణ అధికారం ఇవ్వదు. "ఏ కేసులో సార్?" అని అడగండి. కేసు ఉంటే స్వాధీనం చేసుకోవచ్చు. అప్పుడు కంపెనీ, మోడల్, ఐఎంఈఐ నంబరుతో పంచనామా రాయాలి, దాని కాపీ మీరు అడగాలి. కొత్త చట్టం 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం, జాబితా తయారీ అంతా వీడియో తీయాలి. పాస్‌వర్డ్ చెప్పమంటే, తలలో ఉన్న సమాచారాన్ని బలవంతంగా బయటపెట్టించడం 20(3)కి విరుద్ధమనే వాదన కోర్టుల్లో నడుస్తోంది. హైకోర్టులన్నీ ఒకే మాట మీద లేవు. కాబట్టి అడ్వకేటును అడగకుండా చెప్పకండి.

అరెస్టు అన్న మాట వచ్చాక

పేపర్లలో "అదుపులోకి తీసుకుని విచారిస్తున్నారు" అని రాస్తారు. చట్టంలో అలాంటి మధ్యస్థితి లేదు. లేచి వెళ్లిపోవడానికి మీకు స్వేచ్ఛ ఉందా లేదా అన్నదే లెక్క. అందుకే "నేను ఇప్పుడు వెళ్లొచ్చా సార్?" అని మర్యాదగా అడగండి. వద్దంటే, ఆ సమయం గుర్తుపెట్టుకోండి. రాజ్యాంగం 22(2) అధికరణం ప్రకారం, ప్రయాణ సమయం తీసేసి, 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఆ 24 గంటలు కాగితం మీద అరెస్టు చూపించిన నిమిషం నుంచి కాదు, మనిషిని పట్టుకున్న నిమిషం నుంచే మొదలవుతాయని తెలంగాణ హైకోర్టు 2024లో చెప్పింది. రెండు రోజులు కూర్చోబెట్టి మూడో రోజు అరెస్టు చూపించే అలవాటుకు ఇది జవాబు. కాకపోతే ఆ మొదటి నిమిషాన్ని ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి.

అరెస్టు చేసే అధికారి పేరు కనబడాలి. అక్కడికక్కడే మెమో రాయాలి. దాని మీద మీ కుటుంబసభ్యుడో, ఆ ప్రాంతంలో గౌరవం ఉన్న మరొకరో సాక్షి సంతకం చేయాలి. మీరు చెప్పిన వ్యక్తికి కబురు పంపాలి. ఇవి 1996లో డీకే బసు కేసులో సుప్రీంకోర్టు పెట్టిన షరతులు. తర్వాత చట్టంలోకే ఎక్కాయి, ఇప్పుడవి సెక్షన్ 36. అరెస్టుకు కారణాలు రాతలో, మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, ఎంత ఆలస్యమైనా రిమాండుకు రెండు గంటల ముందైనా ఇవ్వాలని 2025 నవంబరులో సుప్రీంకోర్టు అన్ని నేరాలకూ వర్తింపజేసింది. తెలుగు మాత్రమే వచ్చినవారికి ఇంగ్లిషు కాగితం ఇస్తే ఇచ్చినట్టు కాదు.

సెక్షన్ 38 ప్రకారం విచారణ మధ్యలో మీకు నచ్చిన అడ్వకేటును కలవొచ్చు, అయితే విచారణ జరిగినంతసేపూ కాదు. కొన్ని కేసుల్లో కోర్టులు అడ్వకేటును మనిషి కనిపించేంత దూరంలో, మాట వినిపించనంత దూరంలో కూర్చోనిచ్చాయి. డబ్బు లేకపోతే ఆగక్కర్లేదు. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టమే చెబుతుంది. 15100కి ఫోన్ చేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు కలుపుతారు.

మహిళలను సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయానికి ముందు అరెస్టు చేయకూడదు. తప్పనిసరైతే మహిళా అధికారి రాతపూర్వకంగా మెజిస్ట్రేటు అనుమతి తీసుకోవాలి. 60 దాటినవారిని, బలహీనులను మూడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేకుండా అరెస్టు చేయకూడదు. ఇది కొత్త చట్టంలో వచ్చింది, అందరికీ ఇంకా తెలియలేదు. 18 ఏళ్లలోపు పిల్లలను లాకప్‌లో పెట్టడానికే వీల్లేదు. బెయిలబుల్ నేరమైతే స్టేషన్ బెయిల్ మీ హక్కు, ఎస్సై దయ కాదు.

బయట ఉన్నవాళ్లు చేయాల్సింది

లోపల ఉన్న మనిషి చేయగలిగేది తక్కువ. అసలు పని బయటివాళ్లదే. చెప్పిన సమయానికి కబురు రాకపోతే స్టేషన్‌కు వెళ్లి అడగండి. "ఇక్కడ లేడు" అంటే జిల్లా కంట్రోల్ రూమ్‌ను అడగండి. అరెస్టయినవారి వివరాలు స్టేషన్‌లోనూ, జిల్లా కేంద్రంలోనూ అందరికీ కనబడేలా పెట్టాలని సెక్షన్ 37 ఆదేశం. ఆ వెంటనే ఎస్పీకి లేదా కమిషనర్‌కు, పరిధిలోని మెజిస్ట్రేటుకు రాతలో పంపండి: ఎవరిని, ఎప్పుడు, ఎక్కడినుంచి, ఎవరు తీసుకెళ్లారు. నాలుగు వాక్యాలు చాలు. వెనకటి వకీళ్లు ఈ పనికి టెలిగ్రాం ఇప్పించేవారు, దాని మీద పడే సమయం ముద్ర కోసం. ఇప్పుడు ఈమెయిల్, స్పీడ్ పోస్టు రసీదు ఆ పని చేస్తాయి. 24 గంటలు దాటినా జాడ లేకపోతే అమరావతిలోనో హైదరాబాద్‌లోనో ఉన్న హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే పిటిషన్) వేయాలి. అరెస్టు భయం ముందే ఉంటే ముందస్తు బెయిల్ సెక్షన్ 482. పాత చట్టంలో అదే నంబరు కేసు కొట్టేయమని హైకోర్టుకు వెళ్లే సెక్షన్, కాబట్టి అర్జీ రాయించేటప్పుడు చూసుకోండి.

ఎఫ్ఐఆర్ కాపీ పోలీసు వెబ్‌సైటులో చూడొచ్చు. సున్నితమైన కేసులు తప్ప మిగతావి 24 గంటల్లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది.

డాక్టరు, మెజిస్ట్రేటు

అరెస్టయ్యాక ప్రభుత్వ డాక్టరు పరీక్ష చేయాలి. దాని కాపీ మీకు ఇవ్వాలి. కానిస్టేబుల్ పక్కనే ఉన్నా సరే, దెబ్బలుంటే డాక్టరుకు చూపించండి. అక్కడ "ఏమీ లేవు" అని రాయించుకుని తర్వాత కొట్టారంటే నమ్మించడం కష్టం.

మొదటి రిమాండుకు మనిషినే తీసుకురావాలి. రాత్రిపూట అయితే మెజిస్ట్రేటు ఇంటి దగ్గర కూడా జరుగుతుంది, రెండు మూడు నిమిషాల్లో ముగిసిపోతుంది. అందుకని చెప్పాల్సినవి ముందే మనసులో పెట్టుకోండి: ఎప్పుడు పట్టుకున్నారు, కొట్టారా, కారణాలు రాతలో ఇచ్చారా, కాగితాల మీద బలవంతంగా సంతకాలు తీసుకున్నారా, అడ్వకేటు ఉన్నాడా. "పోలీసులు ఏమైనా అన్నారా?" అని మెజిస్ట్రేటు అడిగినప్పుడు తల అడ్డంగా ఊపి ఊరుకుంటే, అది రికార్డులోకి "ఫిర్యాదు లేదు" అని వెళ్తుంది.

తర్వాత ఫిర్యాదు చేయాలనుకుంటే మొదట సీసీ కెమెరాల సంగతి చూడండి. 2020 డిసెంబరులో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో, ప్రతి స్టేషన్‌లో లాకప్, కారిడార్‌లతో సహా కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 18 నెలలు దాచాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. తేదీ, సమయం వేసి ఆ ఫుటేజీ భద్రపరచమని ఎస్పీకి రాతలో అడగండి, కోర్టులోనూ అర్జీ పెట్టించండి. ఇది మొదటి వారంలోనే జరగాలి, ఆలస్యమైతే "కెమెరా పనిచేయలేదు" అనే జవాబు వస్తుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు గాని, రాష్ట్ర కమిషన్‌కు గాని ఫిర్యాదు చేయాలంటే ఘటన జరిగిన ఏడాదిలోపు చేయాలి. అర్జీ తెలుగులో రాసినా ఫర్వాలేదు.